ప్లాంటులో ఊక పట్టేస్తోంది, సిమ్యులేషన్‌లో సాఫీగా దిగుతోంది: తేడా ఎక్కడ?

ప్రశ్న క్లుప్తంగా ఇదీ: ఇంధన వేడి లెక్కన 1 మెగావాట్ ఫ్లూయిడైజ్డ్ బెడ్ (కింది నుంచి ఊదే గాలికి తేలే వేడి రేణువుల పొరలో ఇంధనాన్ని గ్యాసుగా మార్చే) గ్యాసిఫయర్‌. ఊకలో ఐదో వంతు పత్తికట్టె ముక్కలు కలిపి, హాపర్ (కిందికి సన్నబడే తొట్టి) కింద ఉన్న స్క్రూతో అందిస్తున్నారు. డీఈఎం (ప్రతి రేణువు కదలికనూ విడిగా లెక్కకట్టే) సిమ్యులేషన్‌లో 6 మి.మీ. గోళాలు, ఒక పేపర్ నుంచి తీసుకున్న ఘర్షణ గుణకం 0.5 వాడారు. మోడల్‌లో అంతా బాగానే దిగుతోంది, ప్లాంటులో మాత్రం హాపర్ నోటి దగ్గర తరచూ బ్రిడ్జి కడుతోంది (సరుకు కమానులా నిలిచిపోయి దిగడం లేదు). ఏ పారామీటర్ మార్చాలి?

ఒక్క పారామీటర్ మారిస్తే ఇది సరికాదు. ముందుగా ఒక పరీక్ష చేయండి, దీనికి కంప్యూటర్ అక్కర్లేదు. రియాక్టర్ చల్లగా ఉన్నప్పుడు, బ్లోయర్ ఆపేసి, స్క్రూ చివర కింద డ్రమ్ము పెట్టి, అదే సరుకును అదే వేగంతో రెండు మూడు గంటలు నడపండి. అప్పుడూ పట్టేస్తే మీ మోడల్‌లో రేణువుల లక్షణాలు తప్పు. చల్లగా బాగా నడిచి, వేడి మీద మాత్రమే పట్టేస్తే మీ మోడల్‌లో లేని భౌతికశాస్త్రం అక్కడ పనిచేస్తోంది: గ్యాసు, లేదా వేడి, లేదా రెండూ. ఈ రెండు దారులూ వేర్వేరు. ఏ దారిలో ఉన్నారో తెలియకుండా ఘర్షణ గుణకాన్ని పెంచుతూ పోతే, ఏదో ఒక విలువ దగ్గర మోడల్‌లో కూడా బ్రిడ్జి కడుతుంది. అది మీ హాపర్‌లో కట్టిన బ్రిడ్జి మాత్రం కాదు.

కాగితం మీద లెక్క ముందు

ఊక బల్క్ సాంద్రత ఘనపు మీటరుకు 110 కిలోలు అనుకుందాం (సాధారణంగా 90 నుంచి 150 మధ్య ఉంటుంది, మీది బకెట్టుతో తూచి చూడండి). 1 మీటరు వెడల్పు, 2 మీటర్ల ఎత్తు ఉన్న బిన్నులో అడుగున నీటి లెక్కలా చూస్తే 2.2 కిలోపాస్కల్ రావాలి. కానీ గోడల ఘర్షణ బరువులో కొంత మోస్తుంది. యాన్సెన్ 1895లో ఇచ్చిన సమీకరణంలో గోడ ఘర్షణ 0.4, పక్క ఒత్తిడి నిష్పత్తి 0.45 పెడితే వచ్చేది 1.1 కిలోపాస్కల్ మాత్రమే. అంటే మీ సరుకు మొత్తం 2 కిలోపాస్కల్ లోపు ఒత్తిడిలోనే బతుకుతోంది. ల్యాబులు సిమెంటుకో బొగ్గుకో చేసినట్టు 5, 10 కిలోపాస్కల్ దగ్గర షియర్ టెస్ట్ (సరుకును నొక్కి పక్కకు జార్చి బలం కొలిచే పరీక్ష) చేసి ఇచ్చిన రిపోర్టు మీకు పనికిరాదు. ఊకా నారసరుకూ తక్కువ ఒత్తిడిలో ప్రవర్తించే తీరు వేరు. 0.5, 1, 2 కిలోపాస్కల్ దగ్గర కొలవమని రాసి మరీ అడగండి. పరీక్షలో సరుకు పోసే రింగ్ కూడా పెద్దది కావాలి, 9 మి.మీ. ఊకకు చిన్న పౌడర్ సెల్ సరిపోదు.

ఇప్పుడు బ్రిడ్జి లెక్క. యూటా విశ్వవిద్యాలయంలో ఆండ్రూ జెనికే 1964లో ఇచ్చిన పద్ధతి ఇప్పటికీ మొదటి అంచనాకు చాలు: నోటి కనీస వెడల్పు కావాలంటే ముద్ద బలాన్ని ఆకారపు గుణకంతో గుణించి, సాంద్రత, గురుత్వ త్వరణాల లబ్ధంతో భాగించాలి. ముద్ద బలం అంటే సరుకును అదిమి, గోడలు తీసేశాక అది తనంతట తాను నిలబడగలిగే బలం. నిలువు గీతతో 20 డిగ్రీల వాలున్న శంకువు హాపర్‌కు ఆకారపు గుణకం సుమారు 2.3, పొడవాటి గాడి నోటికి 1.1. ముద్ద బలం 300 పాస్కల్ మాత్రమే అనుకున్నా, శంకువుకు 0.64 మీటరు, గాడికి 0.31 మీటరు నోరు కావాలి. ఇదే 300 పాస్కల్ బలమున్న బొగ్గుకు, సాంద్రత 800 కాబట్టి, శంకువు నోరు 9 సెం.మీ. చాలు. ఊక జిగురుగా ఉండటం వల్ల పట్టేస్తుందని చాలామంది అనుకుంటారు. అసలు కారణం అది తేలిక కావడం. బ్రిడ్జిని విరగ్గొట్టాల్సింది సరుకు సొంత బరువే, ఆ బరువు దీనికి లేదు.

మీ నోరు 250 మి.మీ. గాడి అన్నారు. ఈ లెక్క ప్రకారమే అది చాలదు. దీనికి తోడు పత్తికట్టె ముక్కలు ఒకదానిలో ఒకటి చిక్కుకుని కట్టే బ్రిడ్జి వేరే ఉంది. దానికి జిగురుతో పనిలేదు. నోటి వెడల్పు అతి పొడవైన ముక్కకు కనీసం ఆరు నుంచి ఎనిమిది రెట్లు ఉండాలి. ఇక్కడ సగటు పొడవు చూడకండి. చిప్పర్ బ్లేడు మొద్దుబారితే, 30 మి.మీ. ముక్కల మధ్య 150 మి.మీ. పుల్లలు నూటికి ఒక పాలు వస్తాయి. బ్రిడ్జి మొదలయ్యేది ఆ ఒక్క పాలుతోనే. మోడల్‌లోకి సగటు సైజు ఎక్కించి ఈ పొడవాటి పుల్లలను వదిలేస్తే, సాఫీగా దిగకుండా ఎలా ఉంటుంది?

రేణువుల సంఖ్య, సైజు పెంచడం

గోళాలెందుకు వాడారో అర్థమవుతుంది. అసలు సైజులో చేస్తే కంప్యూటర్ మోయలేదు. ఊక రేకు ఒక్కోటి 2 నుంచి 2.5 మిల్లీగ్రాములు ఉంటుంది, కాబట్టి ఒక ఘనపు మీటరులో నాలుగున్నర నుంచి ఐదున్నర కోట్ల రేకులు. సైజును మూడు రెట్లు పెంచితే సంఖ్య 27 రెట్లు తగ్గి 18 లక్షలకు దిగుతుంది. మంచి వర్క్‌స్టేషన్ మీద అది చేయదగ్గ పనే. కానీ అప్పుడు 9 మి.మీ. రేకు 27 మి.మీ. అవుతుంది. మీ 250 మి.మీ. నోటికి అది తొమ్మిదో వంతు. బ్రిడ్జి ప్రశ్నకు ఆ మోడల్ చెప్పే జవాబు రేణువు సైజును బట్టే వస్తుంది, సరుకును బట్టి కాదు. స్క్రూ రెక్కకూ గొట్టానికీ మధ్య 5 మి.మీ. సందు ఉంటే ఇంకా ఇబ్బంది. పెద్ద రేణువులు ఆ సందులోకి దూరవు, అసలు ఊక దూరుతుంది, మెత్తబడుతుంది, వెనక్కి జారుతుంది.

అందుకే మొత్తం హాపర్‌ను ఒకే మోడల్‌లో పెట్టకండి. రెండుగా విడగొట్టండి.

మొదటిది బ్రిడ్జి మోడల్: గాడి పొడవు దిశలో 100 మి.మీ. మందం ముక్క, రెండు పక్కలా పీరియాడిక్ హద్దులు (ఒక పక్క దాటిన రేణువు రెండో పక్క నుంచి లోపలికి వచ్చేలా), నోటిపైన అర మీటరు ఎత్తు, సగటు వెడల్పు 0.6 మీటరు. ఇది 0.03 ఘనపు మీటర్లు, అంటే 3.3 కిలోలు, సుమారు 14 లక్షల రేకులు, అసలు సైజులోనే. పైన ఉండాల్సిన సరుకు బదులు ఒక పలక పెట్టి, యాన్సెన్ లెక్కతో ఆ ఎత్తు దగ్గర వచ్చే ఒత్తిడిని దాని మీద వేయండి. నోరు మూసి నింపి, నిలకడకు వచ్చాక తెరవండి. ఒక్కసారి కాదు, నింపే తీరును మారుస్తూ కనీసం పదిసార్లు. చిక్కుకుని కట్టే బ్రిడ్జి సంభావ్యతకు సంబంధించింది, ఒక్క రన్ చూసి తేల్చకూడదు.

రెండోది స్క్రూ మోడల్: సైజు పెంచిన రేణువులతో, స్క్రూ ఎక్కడి నుంచి సరుకు లాగుతోంది, టార్క్ (తిప్పే బలం) ఎంత, ప్రవాహంలో ఊగిసలాట ఎంత అన్నవి చూడటానికి.

టైమ్ స్టెప్ (మోడల్ ఒక్కో అడుగులో ముందుకు జరిపే సమయం) విషయంలో ఒక లెక్క దగ్గర పెట్టుకోండి. 1 మి.మీ. వ్యాసార్ధం, రేణు సాంద్రత 700, షియర్ మాడ్యులస్ 1 కోటి పాస్కల్, పాయిసన్ నిష్పత్తి 0.3 అయితే రేలీ సమయం (రేణువు ఉపరితలం మీద అల పాకడానికి పట్టే కాలం, స్టెప్పు దీనికి లోపే ఉండాలి) సుమారు 28 మైక్రోసెకన్లు. అందులో 20 శాతం తీసుకుంటే 5.7 మైక్రోసెకన్లు, ఒక నిమిషం నడపడానికి కోటికి పైగా స్టెప్పులు. రేకులను గోళాల గుత్తులుగా కడితే గుత్తిలోని అతి చిన్న గోళంతో ఈ లెక్క వేయాలి. మాడ్యులస్‌ను వంద రెట్లు తగ్గిస్తే స్టెప్పు పది రెట్లు పెరుగుతుంది కాబట్టి అందరూ మెత్తబరుస్తారు. ఓవర్‌ల్యాప్ (మోడల్‌లో రేణువులు ఒకదానిలోకి ఒకటి చొచ్చుకునే లోతు) వ్యాసార్ధంలో 1 శాతం దాటనంతవరకు సాదా ప్రవాహానికి ఇబ్బంది లేదు. జిగురు మోడల్ కలిపినప్పుడు మాత్రం, మెత్తబరిచిన రేణువు తాకే వైశాల్యం పెరిగి జిగురు కూడా పెరుగుతుంది. దాన్ని మళ్లీ కాలిబ్రేట్ చేయాల్సిందే.

ఆకారం, తేమ

ఊకకు నాలుగైదు గోళాలతో పడవలా వంగిన గుత్తి చాలు. ఆ వంపు ముఖ్యం, ఎందుకంటే రేకులు ఒకదానిలో ఒకటి ఒదిగి కూర్చుంటాయి. నున్నటి దీర్ఘవృత్తాలతో ఆ గుణం రాదు. పత్తికట్టెకు మాత్రం గట్టి గుత్తి సరిపోదు. దాని బెరడులో నార ఉంటుంది, చిప్పర్‌లో చీలికలై స్క్రూ షాఫ్టుకు చుట్టుకుంటుంది. బాండ్‌తో కట్టిన గోళాల గొలుసు, వంగేది, వాడండి. ఖరీదైన లెక్కే, కానీ మొత్తం ముక్కల్లో ఐదారు శాతానికి మాత్రమే అలా చేసినా చుట్టుకునే గుణం కనిపిస్తుంది. నొక్కితే కుంగి, వదిలితే పూర్తిగా తిరిగి రాని సరుకు కాబట్టి, కాంటాక్ట్ మోడల్‌గా స్ప్రింగులా పూర్తిగా తిరిగొచ్చే సాదా హెర్ట్జ్-మిండ్లిన్ కంటే ఎడిన్‌బరో ఎలాస్టో-ప్లాస్టిక్ అడ్హీషన్ మోడల్ (కుంగుదల, జిగురు రెండూ ఉన్నది) లాంటిది మేలు.

తేమకు లిక్విడ్ బ్రిడ్జ్ మోడల్ (రేణువుల మధ్య నీటి బొట్టు వాటిని కలిపి పట్టే బలం) పెట్టాలా అని కూడా అడిగారు. మీ ఊక తేమ 10-12 శాతం అన్నారు. ఆ నీరు కణాల గోడల్లోనే పట్టి ఉంటుంది. పొడి బరువు లెక్కన 25-30 శాతం దాటితేనే రేణువుల మధ్య విడి నీరు వస్తుంది. అంతకు లోపు తేమ చేసేదల్లా రేకును మెత్తబరచడం, ఘర్షణ పెంచడం. వాటిని ఆయా తేమ దగ్గర కొలిచిన షియర్ డేటాతోనే పట్టాలి. వాన కాలంలో మిల్లు ఆరుబయట తడిసిన ఊక వస్తే మాత్రం లిక్విడ్ బ్రిడ్జ్ నిజంగానే కావాలి.

కాలిబ్రేషన్

పేపర్‌లోని 0.5 మీకు చెల్లదు. ఆ విలువ వాళ్ల రేణువు ఆకారంతో, వాళ్ల రోలింగ్ (దొర్లే) ఘర్షణతో జతగా వచ్చింది. కుప్పకోణం (పోసిన కుప్ప వాలు) ఒక్కటే చూసి సరిపెట్టినా అంతే. జారే ఘర్షణ తగ్గించి రోలింగ్ ఘర్షణ పెంచినా అదే కోణం వస్తుంది, అలాంటి జతలు లెక్కలేనన్ని. వాటిలో ఒక్కటే హాపర్‌లో సరిగ్గా ప్రవర్తిస్తుంది. కనీసం నాలుగు కొలతలు కలిపి సరిపోల్చండి: వదులుగా పోసినప్పటి సాంద్రత, 2 కిలోపాస్కల్ వరకు నొక్కితే కుంగే శాతం, రింగ్ షియర్‌లో మూడు ఒత్తిళ్ల దగ్గర బలం, డ్రాడౌన్ పరీక్ష. ఈ చివరిది షెడ్డులోనే చేసుకోవచ్చు. పై పెట్టె అడుగున తలుపు, కింద ఇంకో పెట్టె, ఒక పక్క పాలీకార్బొనేట్ షీటు. తలుపు తీస్తే పైన మిగిలిన వాలు, కింద పడిన కుప్ప, పడటానికి పట్టిన సమయం, పడిన బరువు, నాలుగూ ఒకే పరీక్షలో వస్తాయి. గోడ ఘర్షణను విడిగా, మీ హాపర్ లోపలి ఇనప రేకు ముక్క మీదే కొలవండి. కొత్త రేకు మీద వద్దు, ఊకలోని సిలికా అరగదీసి నునుపెక్కించిన రేకు మీద, తర్వాత తుప్పు పట్టిన రేకు మీద. రెండింటి మీదా వచ్చే విలువలే మీ మోడల్‌లో పెట్టాల్సిన హద్దులు.

మూడు నాలుగు పారామీటర్లను ఒక్కొక్కటిగా చేత్తో మారుస్తూ కూర్చోకండి. లాటిన్ హైపర్‌క్యూబ్‌తో (విలువలన్నీ సమానంగా పరుచుకునేలా ఎంచే పద్ధతి) 40-60 చిన్న రన్‌లు వేసి, వాటి మీద సరొగేట్ (అసలు మోడల్ బదులు త్వరగా లెక్కించే) మోడల్ కట్టి వెతికితే పని త్వరగా తెములుతుంది.

అమెరికాలో మొక్కజొన్న దంట్లు, పైన్ చిప్స్ మీద ఇడాహో నేషనల్ ల్యాబొరేటరీ చేసిన పనిలో కూడా పెద్ద భాగం ఈ కొలతలూ కాలిబ్రేషనే. అక్కడి బయోరిఫైనరీలు (పంట వ్యర్థాల నుంచి ఇంధనం చేసే ఫ్యాక్టరీలు) కెమిస్ట్రీ దగ్గరకంటే సరుకు అందించే దగ్గరే ఎక్కువ ఇబ్బంది పడ్డాయి కాబట్టి, ఈ విషయానికి వాళ్లు అంత ప్రాముఖ్యం ఇచ్చారు.

స్క్రూ

77 గ్రాములు సెకనుకు, అంటే గంటకు 277 కిలోలు కావాలి (కిలోకు 13 మెగాజూళ్ల లెక్కన). 200 మి.మీ. స్క్రూ, 75 మి.మీ. షాఫ్టు, 150 మి.మీ. పిచ్ (రెక్క రెండు చుట్ల మధ్య దూరం) అయితే ఒక చుట్టుకు 4 లీటర్లు. 60 శాతం నిండుతుందనుకుంటే చుట్టుకు 0.27 కిలో, నిమిషానికి 17 చుట్లు. మోడల్ ఇచ్చే ప్రవాహం ఈ అంకెకు దగ్గరగా లేకపోతే ముందు ఎస్‌టీఎల్ ఫైలు (స్క్రూ ఆకారం ఉన్నది) కొలతలు చూడండి. మి.మీ.లో గీసింది మీటర్లలో చదివించడం, స్క్రూ తిరిగే దిశ తారుమారు కావడం, ఈ రెండూ రోజూ జరిగే తప్పులే.

మీ స్క్రూకు పిచ్ మొత్తం ఒకటే అన్నారు. అలాంటి స్క్రూ హాపర్‌లోని వెనక చివర నుంచి మాత్రమే సరుకు తీసుకుంటుంది. మొదటి ఒకటి రెండు పిచ్‌లు నిండిపోయాక ముందున్న వాటికి చోటు ఉండదు. గాడి నోరు ఒక మీటరు పొడవున్నా పనిచేసేది వెనక 200-300 మి.మీ. మాత్రమే. మిగతా చోట సరుకు కదలకుండా, పై బరువుకు అదుముకుంటూ గట్టిపడుతుంది, చివరికి బ్రిడ్జి అక్కడి నుంచే పాకుతుంది. డీఈఎం నిజంగా అక్కరకొచ్చేది ఇక్కడే. హాపర్‌లో సరుకును 100 మి.మీ. పొరలుగా రంగులు మార్చి నింపండి, పది చుట్లు తిప్పి ఏ పొర ఎక్కడ కుంగిందో చూడండి. తర్వాత పిచ్‌ను 80 నుంచి 150 మి.మీ. వరకు ముందుకు పెంచుతూ, లేదా షాఫ్టును వెనక లావుగా, ముందు సన్నగా చేసి మళ్లీ చూడండి. ఈ పోలికకు రేణువు సైజు పెంచినా ఫలితం పెద్దగా మారదు. పత్తికట్టె పాలు ఇంకా పెంచే ఆలోచన ఉంటే, కిందికి సన్నబడే హాపర్‌ను వదిలేసి నిలువు గోడలు, అడుగంతా పక్కపక్కన స్క్రూలు ఉన్న బిన్ను మీదే ఖర్చు పెట్టండి.

టార్క్‌ను సరిపోల్చేటప్పుడు నడుస్తున్నప్పటి టార్క్ కంటే మొదలెట్టినప్పటి టార్క్ ముఖ్యం. నిండు హాపర్ రాత్రంతా కూర్చున్నాక స్క్రూ తిప్పితే వచ్చేది చాలా ఎక్కువ. డ్రైవ్ ఇచ్చే కరెంటు రీడింగును ఖాళీ స్క్రూ రీడింగు తీసేసి టార్క్‌గా మార్చుకోండి.

గ్యాసు: మోడల్‌లో లేనిది

చల్లటి పరీక్షలో మీ సరుకు బాగా దిగితే, అనుమానించాల్సింది దీన్నే. 110 కిలోల సాంద్రత ఉన్న ఊకను గాలిలో నిలబెట్టడానికి మీటరు ఎత్తుకు 1,080 పాస్కల్ చాలు, అంటే 110 మి.మీ. నీటి మట్టం. మీ బెడ్‌లో ఫీడ్ దగ్గర ఒత్తిడి దాన్ని సులభంగా దాటుతుంది. రోటరీ వాల్వు (సరుకును దింపుతూ గ్యాసును ఆపాల్సిన తిరిగే వాల్వు) రెక్కల సందులోంచి, స్క్రూలోని ఊకలోంచి గ్యాసు పైకి తన్నితే నోటి దగ్గర సరుకు బరువు కోల్పోతుంది, పైన చెప్పిన జెనికే లెక్కలో గురుత్వమే తగ్గినట్టు. నింపిన ఊక సీలుగా పనిచేస్తుందని నమ్మకండి, అందులో ఖాళీలు చాలా ఎక్కువ.

దీనికి పూర్తి సీఎఫ్‌డీ-డీఈఎం (గ్యాసునూ రేణువులనూ కలిపి లెక్కించడం) అవసరం లేదు. రోటరీ వాల్వు పైనా కిందా ఒత్తిడి తేడాను కొలవండి, ఎర్గన్ సమీకరణంతో (రేణువుల పొరలో ఒత్తిడి తేడానూ గ్యాసు వేగాన్నీ కలిపేది) పైకి వెళ్లే గ్యాసు వేగాన్ని లెక్కకట్టండి, ఆ డ్రాగ్‌ను బ్రిడ్జి మోడల్‌లో ప్రతి రేణువు మీద పైకి లాగే బలంగా వేయండి. అప్పుడు బ్రిడ్జి కడితే కారణం దొరికినట్టే. దీనికి విరుగుడు: వాల్వు, స్క్రూల మధ్య నుంచి గ్యాసు బయటికి పోయే వెంటు, లేదా అక్కడ కొద్దిగా ఎక్కువ ఒత్తిడితో నైట్రోజన్.

వేడి కూడా ఇదే దారిలో వస్తుంది. 220 డిగ్రీల దగ్గర హెమిసెల్యులోజ్ విడిపోవడం మొదలై తారు పుడుతుంది, చల్లటి చోట గడ్డకట్టి ఊకను అంటిస్తుంది. కరెంటు పోయి స్క్రూ ఆగినప్పుడు 10 నిమిషాల్లో వేడి మైల్డ్ స్టీల్ షాఫ్టు వెంబడి సుమారు 8-9 సెం.మీ. లోపలికి పాకుతుంది, ఊకలోంచి అయితే 1.5 సెం.మీ. కూడా దాటదు. కాబట్టి మోడల్‌లో షాఫ్టును వదిలేసి ఊకకు మాత్రమే ఉష్ణ వాహకత ఇస్తే అంతా చల్లగా కనిపిస్తుంది. కొలిచే స్క్రూను నెమ్మదిగా, దూరంగా ఉంచి, బెడ్‌లోకి తోసే రెండో స్క్రూను వేగంగా, ఎప్పుడూ ఖాళీగా ఉండేలా తిప్పడం, దానికి నీటి జాకెట్ పెట్టడం ఇందుకే.

రియాక్టర్ వైపు

స్క్రూ చివర సరుకు ధారలా పడదు, చుట్టుకోసారి ముద్దగా పడుతుంది. 17 చుట్లంటే 3.5 సెకన్లకోసారి 0.27 కిలో. ఊక రేకు పలచన, వేడి బెడ్‌లో కొన్ని సెకన్లలోనే వోలటైల్స్ (వేడికి వెలువడే వాయువులు) వదిలేస్తుంది కాబట్టి ఆ కుదుపు గ్యాసు కూర్పులో, బెడ్ ఒత్తిడిలో కనిపిస్తుంది. రియాక్టర్ మోడల్‌కు సగటు ఫీడ్ రేటు ఇచ్చే బదులు, స్క్రూ మోడల్ నుంచి 0.05 సెకన్లకోసారి పడిన బరువు తీసి ఆ వరుసనే ఇన్‌లెట్ షరతుగా ఇవ్వండి. ఎంఫిక్స్‌లో (అమెరికా నేషనల్ ఎనర్జీ టెక్నాలజీ ల్యాబొరేటరీ ఉచితంగా ఇచ్చే సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్) కాలంతో మారే ఇన్‌లెట్ పెట్టుకోవచ్చు. చివరి పిచ్‌కు రెండో రెక్క అతికిస్తే ముద్ద సగమై రెట్టింపు సార్లు పడుతుంది. దాన్ని కూడా అదే స్క్రూ మోడల్‌లో రెండు రోజుల్లో చూసేయొచ్చు. రెక్క అరుగుదలకు ఇంకో రన్: సందు 5 మి.మీ. ఉన్నప్పుడు, అరిగి 10 మి.మీ. అయినప్పుడు. ఈ రన్‌కు మాత్రం పెద్ద రేణువులు వద్దు, స్క్రూలో రెండు పిచ్‌ల ముక్కను అసలు సైజులో చేయండి.

డ్రాడౌన్ కొలతలు, రోటరీ వాల్వు అటూ ఇటూ ఒత్తిడి, చల్లటి పరీక్ష ఫలితం, ఈ మూడూ ఇక్కడే పెడితే కాంటాక్ట్ పారామీటర్ల మొదటి అంచనాలు రాసిస్తాను.